పెంపుడు పిల్లి ఇంట్లోనే ఉండాలని మొదటి టీకా రోజే చెప్పండి: పశువైద్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పశువైద్యులకు, పశువైద్య సంఘాల బాధ్యులకు, పశువైద్య కళాశాలల ఆచార్యులకు

నమస్కారం.

మేము పక్షుల గణనలో పాల్గొనేవాళ్లం, గాయపడిన పక్షులను సాకే కేంద్రాల్లో పనిచేసేవాళ్లం. మాలో చాలామంది ఇళ్లలో పిల్లులు కూడా ఉన్నాయి. పెంపుడు పిల్లిని బయట వదలకుండా ఇంట్లోనే పెంచాలని యజమానులకు మీ వృత్తిలోని వారంతా ఒకే మాటగా చెప్పాలంటూ ఒక పశువైద్య సంఘానికి ఇదివరకే వినతిపత్రం ఇచ్చాం. ముట్టినట్టు సంతకం చేసిచ్చారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. గుర్తుచేస్తూ రాసిన ఉత్తరాలదీ అదే గతి. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

ఈ విన్నపం మీకే ఎందుకంటే, పిల్లి కూన ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకాకు మీ దగ్గరికే వస్తుంది. పదహారు వారాలు నిండేదాకా కొన్ని వారాలకోసారి వస్తూనే ఉంటుంది. బయట తిరిగే అలవాటు పడేదీ, పడకుండా ఆపగలిగేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. గడప దాటని కూనకు బయటి మీద బెంగ ఉండదు. రెండేళ్లు గోడలెక్కి తిరిగిన పిల్లిని లోపల ఉంచాలంటే ఇంటిల్లిపాదికీ ఓపిక కావాలి. పక్షుల గురించి మేము ఎంత చెప్పినా యజమాని చెవికెక్కదు. తన పిల్లికి వైద్యం చేసే డాక్టరు చెబితే వింటారు.

విషయాలు వరసగా మీ ముందు పెడుతున్నాం. వీటిలో చాలా వరకు మీకు తెలిసినవే. అవి యజమానిదాకా చేరడం లేదన్నదే మా ఫిర్యాదు.

1. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది

"వేళకు తిండి పెడుతున్నాం, దానికి పిట్టలతో పనేముంది?" అనే మాట మీరు రోజూ వినేదే. పిల్లి సహజంగా రోజుకు పది ఇరవై సార్లు కొంచెం కొంచెం తినే జంతువు. దాని దాడుల్లో చాలా వరకు గురి తప్పుతాయి. ఆకలి వేసేదాకా ఆగి అప్పుడు వేటకు బయల్దేరితే దానికి పస్తులే మిగులుతాయి. అందుకే ఆకలితో నిమిత్తం లేకుండా, కదలిక కంటబడితే చాలు ఉరికే స్వభావం దానికి వచ్చింది. తింటున్న గిన్నె వదిలిపెట్టి వెళ్లి చంపి, తిరిగొచ్చి గిన్నెలోదే తినే పిల్లులు ఉన్నాయి.

ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ధాన్యం కలపని, మాంసపు ప్రొటీన్ ఎక్కువగా ఉన్న ఆహారం పెడితే పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ అయిదు నుంచి పది నిమిషాలు ఆడిస్తే 25 శాతం తగ్గింది. మెడపట్టీకి కొట్టొచ్చినట్టు కనబడే రంగుల గుడ్డ తొడిగితే ఇంటికి తెచ్చే పక్షులు 42 శాతం తగ్గాయి. గంట కడితే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా యజమానులు ఎక్కువగా నమ్ముకున్నది గంటనే! పిల్లి అడుగు తీసి అడుగు వేసేటప్పుడు మెడ కదలనివ్వదు. గంట మోగేది చివరి దూకుడులో, అప్పటికి పిట్టకు ఎగిరే వ్యవధి ఉండదు. తిండి, ఆట, రంగుపట్టీ మూడూ మేలు చేసేవే, కానీ తలుపు మూసినంత పని వీటిలో ఏదీ చేయదు.

2. యజమాని కంటబడేది నాలుగో వంతు కూడా కాదు

అమెరికాలోని జార్జియా రాష్ట్రం ఏథెన్స్ నగరంలో 55 పెంపుడు పిల్లుల మెడకు చిన్న కెమెరాలు కట్టి వాటి తిరుగుళ్లను రికార్డు చేశారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం 44 శాతం పిల్లులు వేటాడాయి. పట్టినవాటిలో ఇంటికి తెచ్చింది 23 శాతమే. 49 శాతాన్ని చంపిన చోటే వదిలేశాయి, 28 శాతాన్ని తిన్నాయి. ఆ వేటలో ఎక్కువ భాగం బల్లిజాతి జీవులు, చిన్న క్షీరదాలు, పురుగులనీ, పక్షుల వాటా తక్కువేననీ దాచకుండా చెబుతున్నాం. మేము చెప్పేది యజమాని లెక్క గురించి. గుమ్మం ముందు ఈకలు కనబడలేదు కాబట్టి తమ పిల్లి వేటాడదని చెప్పే మాట నిలబడదు.

విడివిడిగా చూస్తే ఏ పిల్లి వేటా పెద్దగా అనిపించదు. అన్నిటినీ కలిపితే ఇలా తేలుతుంది. 2013లో ప్రచురితమైన అంచనా ప్రకారం, అలాస్కా, హవాయి మినహా అమెరికాలో బయట తిరిగే పిల్లులు ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షులను చంపుతున్నాయి. ఆస్ట్రేలియాలో 2017 నాటి అంచనా 37.7 కోట్లు, అందులో పెంపుడు పిల్లుల వాటా 6.1 కోట్లు. రెండు చోట్లా యజమాని లేని పిల్లులదే పెద్ద వాటా. "అయితే మా పిల్లిని ఎందుకు అంటారు?" అని అడిగేవారికి జవాబు మీకు తెలుసు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకుండా బయట వదిలిన పెంపుడు పిల్లే ఆ గుంపుకు కొత్త కూనలను చేరుస్తుంది. నాలుగైదు నెలలకే ఎదకు వచ్చి, రెండు నెలల చూలుతో ఈనే జంతువు విషయంలో ఒక్క ఏడాది ఏమరపాటు చాలు.

3. నోట్లోంచి విడిపించినంత మాత్రాన పిట్ట బతకదు

దీన్ని కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతున్నాయి.

పిల్లి కోరపన్ను సన్నగా, పొడవుగా ఉంటుంది. ఇరవై ముప్పై గ్రాముల పిట్ట ఒంట్లో అది దిగిన చోటు ఈకల కింద కనబడదు. రక్తం కూడా ఒక్కోసారి రాదు. పిట్ట కళ్లు తెరిచి చూస్తుంది, చేతిలో రెక్కలు కొట్టుకుంటుంది. ఏమీ కాలేదనుకుని ఎగరేసేస్తారు. పిల్లి నోట్లో సాధారణంగా ఉండే పాస్చురెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియా ఆ గాయంలోంచి రక్తంలో చేరుతుంది. వెంటనే యాంటీబయాటిక్ పడకపోతే ఒకటి నుంచి మూడు రోజుల్లో ఆ పిట్ట సాధారణంగా చనిపోతుంది. ఎగరేసినవారికి ఆ చావు కనబడదు గనక కాపాడామనే తృప్తితో ఉండిపోతారు.

గాయం వెతకాలంటే తడి దూదితో ఈకలను పక్కకు ఒత్తి, వీపు మీద, రెక్కల కింద, తొడల పక్కన ఓపిగ్గా చూడాలి. కనబడేది గుండుసూది తలంత ఎర్రటి చుక్క, దాని చుట్టూ కమిలిన చర్మం. వేలితో తాకినప్పుడు చర్మం కింద గాలి చిటపటమంటే లోపలి గాలితిత్తి చిరిగిందని అర్థం. ఒక పక్క రంధ్రం దొరికితే ఎదుటి పక్కా చూడాలి, కోరలు రెండు వైపులా దిగి ఉంటాయి. ఏ గాయమూ దొరకకపోయినా, పిల్లి నోట కరిచిందని తెలిస్తే చాలు, మందు మొదలుపెట్టాల్సిందే.

జనం చేసే తప్పులు రెండు. ముక్కు తెరిచి నీళ్లు పోస్తారు. పక్షికి నాలుక మొదట్లోనే శ్వాసనాళం తెరుచుకుని ఉంటుంది, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండోది, నలుగురి చేతుల్లోకీ మార్చి ఫొటోలు తీస్తారు. చేయాల్సింది ఇంతే: మూతకు చిన్న చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, పిట్టను అందులో ఉంచి మూసి, చీకటిగా, వెచ్చగా, చప్పుడు లేని చోట పెట్టి, తిండీ నీళ్లూ ఇవ్వకుండా, గంటల్లోపే వైద్యానికి చేర్చడం. ఈ నాలుగు ముక్కలూ మీ వెయిటింగ్ హాలు గోడ మీద ఉంటే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. చాలా క్లినిక్కులు "మేము పక్షులను చూడం" అని గుమ్మంలోంచే పంపేస్తున్నాయి. పెట్టె పట్టుకుని వచ్చినవారికి ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో తెలియదు.

4. పిల్లి కరవకపోయినా గూడు పాడవుతుంది

చాలా రకాల పిట్టల పిల్లలు గూడు వదిలాక కొన్ని రోజులపాటు సరిగా ఎగరలేవు. నేల మీదో, పొదల అడుగునో కూర్చుని తల్లిదండ్రులు తెచ్చే మేత కోసం అరుస్తుంటాయి. పిల్లి చురుగ్గా తిరిగేది తెల్లవారుజామున, మునిమాపున. పిట్టలు మేతకు దిగేవీ ఆ వేళల్లోనే.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగం ఇంకో సంగతి తేల్చింది. పిల్లి బొమ్మను బ్లాక్‌బర్డ్ అనే పిట్ట గూళ్ల దగ్గర పదిహేను నిమిషాలు ఉంచి తీసేశారు. ఆ తర్వాత గంటన్నర పాటు తల్లిదండ్రులు పిల్లలకు మేత తేవడం మూడో వంతుకు పైగా తగ్గిపోయింది. వాటి కంగారు అరుపులు విని కాకి జాతి పక్షులు గూడు ఎక్కడుందో పసిగట్టి, తర్వాతి రోజుకల్లా కొన్ని గూళ్లు ఖాళీ చేశాయి. బొమ్మ పిల్లి ఒక్క గోరు కూడా విప్పలేదు. మెడపట్టీ వేసినా, గంట కట్టినా ఈ నష్టం ఆగదు.

5. మామూలు జనానికి పడే దెబ్బ

పిల్లి మలం ద్వారా మనుషులకు సోకగల పరాన్నజీవి టాక్సోప్లాస్మా సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు, కానీ మీ దగ్గరికి వచ్చేవారికి చెప్పాలి. పిల్లికి ఇది మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలపాటు మలంలో లక్షల కొద్దీ ఊసిస్టులు (ఆ పరాన్నజీవి గుడ్ల లాంటి రూపాలు) వెలువడతాయి. ఒకటి నుంచి అయిదు రోజుల్లో అవి అంటుకునే స్థితికి వస్తాయి, తేమ మట్టిలో నెలల తరబడి, అనుకూలిస్తే ఏడాదికి పైగా బతుకుతాయి. పిల్లలు ఆడుకునే ఇసుక, పెరటి కూరగాయల మడి, గుల్లగా తవ్విన ఏ నేలైనా పిల్లికి మరుగుదొడ్డే. గర్భిణికి మొదటిసారి సోకితే కడుపులో బిడ్డ చూపుకూ, మెదడుకూ ముప్పు. పిల్లికి ఇది సోకేది ప్రధానంగా వేటాడిన ఎలుకలను, పిట్టలను తినడం వల్ల, పచ్చి మాంసం వల్ల. ఇంట్లోనే ఉండి, ఉడికించిన లేదా ప్యాకెట్ ఆహారం తినే పిల్లి నుంచి ప్రమాదం చాలా తక్కువ. ఈ ఒక్క ముక్క తెలియక, ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉన్నారని తెలియగానే పిల్లిని ఎక్కడో వదిలేసి వస్తున్నారు. ఆ రోజు నుంచి అది ఇంకో అనాథ పిల్లి, ఇంకో వేటగత్తె.

మిగతావి క్లుప్తంగా: బండి కింద పడేది, కుక్కల నోట పడేది, కొట్లాటల్లో కరుచుకుని చీముగడ్డలతో, రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ వైరస్‌తో వచ్చేది బయట తిరిగే పిల్లే. రేబిస్ ఉన్న జంతువు తారసపడేది దానికే. పక్కింటివారి కోళ్ల గూడు, పావురాల గూడు మీద పడి తగవులు తెచ్చేదీ, ఆ తగవు ముదిరి ఎవరో పెట్టిన విషానికి బలయ్యేదీ అదే. ఆ తర్వాత ఇల్లిల్లూ వెతుక్కుంటూ తిరిగేది దాన్ని పెంచుకున్నవారు.

6. "ఎలుకల కోసం వదులుతున్నాం" అన్న మాట

న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని ఒక వ్యర్థాల రీసైక్లింగ్ కేంద్రంలో 79 రోజుల వీడియోను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. పెద్ద ఎలుకలు నిండుగా ఉన్న చోట పిల్లులు మూడుసార్లు దాడి చేసి, రెండింటిని చంపాయి. ఎలుకలు చేసిందల్లా బయట కనబడటం తగ్గించుకుని దాక్కోవడం. అందుకే జనానికి ఎలుకలు తగ్గినట్టు అనిపిస్తుంది. తిరగబడగల పెద్ద ఎలుక కన్నా చిట్టెలుక, తొండ, పిట్ట పిల్లకే పిల్లి ఎగబడుతుంది. ఎలుకల బెడద తగ్గాలంటే చెత్తకు మూత పెట్టడం, గోడ కన్నాలు పూడ్చడం దారి.

7. దీవుల్లో రెండు విధాలా రుజువైంది

న్యూజిలాండ్‌లోని స్టీఫెన్స్ దీవికి లైట్‌హౌస్‌తో పాటు 1894 ప్రాంతంలో పిల్లులు చేరాయి. కొద్ది కాలానికే, ఎగరలేని ఒక చిన్న రెన్ పిట్ట జాతి భూమి మీద లేకుండా పోయింది. అట్లాంటిక్‌లోని అసెన్షన్ దీవిలో యజమాని లేని పిల్లులను పూర్తిగా తొలగించారు. ఆ ప్రాంతంలో తప్ప ఎక్కడా గూడు పెట్టని ఫ్రిగేట్‌బర్డ్ అనే సముద్రపక్షి 2012లో ప్రధాన దీవికి తిరిగొచ్చి గూళ్లు పెట్టింది. ఊళ్లు దీవులు కావని తెలుసు. ఒత్తిడి తీసేస్తే పక్షులు తిరిగొస్తాయని చెప్పడానికే ఇది రాశాం.

8. "ఇంట్లో కట్టిపడేయడం క్రూరత్వం" అనేవారికి

ఈ అభ్యంతరాన్ని మేము తేలిగ్గా తీసుకోం. ఏ ఏర్పాటూ లేకుండా తలుపు మూసేస్తే అది నిజంగానే బాధ. కాలుగాలిన పిల్లిలా గదులన్నీ తిరుగుతుంది, పరుపు మీద మూత్రం పోస్తుంది, తిని పడుకుని లావెక్కుతుంది, రాత్రంతా అరుస్తుంది. మూడో వారానికి యజమాని విసిగి తలుపు తీసేస్తారు. "లోపల ఉంచండి" అని చెప్పి ఊరుకున్న చోటల్లా జరిగేది ఇదే. కాబట్టి మీరు రాసివ్వాల్సిన పేజీలో ఈ కిందివి ఉండాలి.

లిట్టర్ ట్రే (మలమూత్రాలకు పొడి పోసి పెట్టే పళ్లెం): పిల్లులు ఎన్నో ట్రేలు అంతకు ఒకటి ఎక్కువ, అన్నీ ఒకే మూల కాకుండా. ట్రే పొడవు ముక్కు నుంచి తోక మొదలు వరకు ఉన్న పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు. వాసన కలపని సన్న రకం లిట్టర్, సుమారు 5 సెంటీమీటర్ల మందాన. రోజుకు కనీసం ఒకసారి ఎత్తివేయాలి. టాక్సోప్లాస్మా అంటుకునే స్థితికి రాకముందే తీసేసినట్టూ అవుతుంది. ఆ పని గర్భిణి చేయకూడదు, తప్పకపోతే గ్లవ్స్ వేసుకోవాలి. కడగడానికి ఫినాయిల్ వాడకూడదు, ఫినాల్ రసాయనాలను పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. ట్రే వాడటం మానేసిన పిల్లిని కొట్టడం వల్ల ఒరిగేది లేదు. ట్రే చిన్నదా, మురికిగా ఉందా, చప్పుడు చేసే యంత్రం పక్కన పెట్టారా అని చూసి, ఏదీ కాకపోతే మీ దగ్గరికి తేవాలి.

మగపిల్లి ట్రేలో పదే పదే కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే మలబద్ధకం అనుకుంటారు. అది మూత్రనాళం మూసుకుపోవడం కావచ్చు. తెల్లారేదాకా ఆగకూడదని పెద్ద అక్షరాలతో రాయాలి. దీన్ని నివారించడానికి తడి ఆహారం, తిండికి దూరంగా రెండు మూడు చోట్ల వెడల్పాటి నీళ్ల గిన్నెలు.

ఆట: రోజుకు రెండు మూడు విడతలు, ఒక్కో విడత అయిదు నుంచి పది నిమిషాలు. కర్రకు కట్టిన ఈకల బొమ్మను పిల్లి మొహం మీదికి ఊపడం అందరూ చేసే తప్పు. ఏ పిట్టా పిల్లి మీదికి రాదు. బొమ్మ దూరంగా జరగాలి, ఆగాలి, సోఫా వెనక్కి మాయం కావాలి. చివర్లో పిల్లికి చిక్కాలి, చిక్కిన వెంటనే తిండి పెట్టాలి. లేజర్ లైటు ఒక్కటే వాడితే పంజాకు ఏదీ అందక చిరాకు పెరుగుతుంది. ఆట అయ్యాక దారం దాచేయాలి, మింగితే పేగులు ముడుచుకుపోతాయి.

ఎత్తు, గోకుడు: గోకే స్తంభం పిల్లి ఒళ్లు పూర్తిగా విరుచుకునేంత, కనీసం 75 నుంచి 90 సెంటీమీటర్లు ఉండాలి, అడుగు బరువుగా ఉండాలి. ఒక్కసారి ఊగితే పిల్లి మళ్లీ దాని జోలికి రాదు, సోఫాకు తగులుకుంటుంది. గోడకు మెట్లుగా రెండు మూడు పలకలు, కిటికీ దగ్గర కూర్చునే చోటు ఒకటి.

కిటికీలు: ప్లాస్టిక్ దోమతెర గోళ్లకు ఆగదు. గట్టి చట్రంలో బిగించిన లోహపు జాలీ కావాలి, బాల్కనీకైతే కన్నం 2.5 సెంటీమీటర్లకు మించకుండా. పిల్లి ఎక్కడినుంచి పడ్డా కాళ్ల మీదే నిలబడుతుందన్న నమ్మకం దవడలు, కాళ్లు విరిగిన పిల్లులను మీ బల్ల మీదికి తెస్తోంది. పిట్టను చూసి దూకినవే వాటిలో చాలా ఉంటాయి. పూలకుండీల్లో లిల్లీ మొక్క ఉండకూడదు, దాని పుప్పొడి నాకినా మూత్రపిండాలు పోతాయి.

తిండి: ఆపరేషన్ తర్వాత అవసరం తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. ఇంట్లో ఉండే నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కిలో కేలరీలు చాలు. గ్లాసుతో కొలవకుండా తూకం వేసి, నాలుగైదు పూటలకు పంచాలి.

తిరగడం అలవాటైన పిల్లికి: మూడు నాలుగు వారాలు పెట్టుకోవాలి. మొదట ఆపరేషన్. తర్వాత ప్రధాన భోజనం పొద్దుగూకే ముందు ఇంట్లోనే పెట్టి, తెల్లగా తెల్లవారేదాకా తలుపు తీయకూడదు. ఆ ఒక్క మార్పుతోనే పిట్టలకు ప్రమాదకరమైన రెండు వేళలూ గడుస్తాయి. రెండో వారం నుంచి పగటి తిరుగుడును గంట గంటగా కుదించాలి, తగ్గించిన ప్రతి గంటకూ బదులుగా ఒక ఆట విడత. చివరికి పూర్తిగా ఆపేయాలి. పని చెడేది ఒక్క చోట: రెండు గంటలు అరిచాక పాపమని తలుపు తీస్తే, రెండు గంటలు అరిస్తే తలుపు తెరుచుకుంటుందని పిల్లి నేర్చుకుంటుంది. మర్నాడు మూడు గంటలు అరుస్తుంది. అరుపు తగ్గేముందు ఒకటి రెండు రాత్రులు బాగా పెరుగుతుందని ముందే చెప్పి ఉంచితే యజమాని తట్టుకుంటారు. బయటి గాలి తప్పదనిపించే పిల్లికి జాలీ కట్టిన వరండా గానీ, ఛాతీ చుట్టూ వేలు దూరేంత వదులుతో బిగించిన హార్నెస్ గానీ ఉంది.

చట్టాలతో ప్రయత్నించినవారు ఉన్నారు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో 2022 జులై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లులన్నిటినీ యజమాని ఆవరణలోనే ఉంచాలి. జర్మనీలోని వాల్డార్ఫ్ పట్టణం అదే ఏడాది, నేల మీద గూడు పెట్టే క్రెస్టెడ్ లార్క్ అనే పిట్ట పిల్లల కోసం, ఒక ప్రాంతంలోని పిల్లులను ఆగస్టు చివరిదాకా లోపలే ఉంచమని ఆదేశించింది. ఎక్కడ ఏ నిబంధన పెట్టినా, పెంచే విధానం చేతికి అందకపోతే ఆ నిబంధన కాగితం మీదే ఉండిపోతుంది. ఆ విధానం తెలిసినది మీకు.

మా డిమాండ్లు:

1. మొదటి టీకా రోజే "ఇంట్లోనే పెంచాలి" అని టీకా పుస్తకంలో రాసి, పైన చెప్పిన వివరాలతో ఒక పేజీ సూచనలు యజమాని భాషలో చేతికివ్వాలి. సంఘం ఒక నమూనా తయారుచేసి సభ్యులందరికీ పంపాలి. కావాలంటే ముసాయిదా మేము రాసిస్తాం, దిద్దే అధికారం మీదే.

2. అయిదు నెలలు నిండకముందే పిల్లికి ఆపరేషన్ అయ్యేలా, చివరి టీకా రోజే తేదీ ఖాయం చేయాలి. "ఒక్క ఈత కానివ్వండి" అనే పాత సలహాను ఏ క్లినిక్కూ ఇవ్వకూడదు. గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ అదే మత్తులో వేయవచ్చు.

3. పిల్లి వచ్చిన ప్రతిసారీ బయటికి వెళుతుందా, ఎన్ని గంటలు, ఏ వేళల్లో అని అడిగి కేసు షీటులో రాయాలి. బరువు రాసినంత మామూలుగా ఇదీ రాయాలి.

4. పిల్లి కరిచిన పక్షిని తెస్తే తిప్పి పంపకూడదు. మొదటి మోతాదు యాంటీబయాటిక్, నొప్పి మందు ఇచ్చి, దగ్గరలోని పక్షుల చికిత్స కేంద్రం వివరాలు చేతికివ్వాలి. పక్షులకు చేయాల్సిన మోతాదుల పట్టికను సంఘమే క్లినిక్కులకు అందించాలి.

5. పశువైద్య విద్యలో పిల్లి ప్రవర్తన, ఇంటి లోపలి ఏర్పాట్లు, కరిచిన పక్షికి ప్రథమ చికిత్స పరీక్షకు వచ్చే పాఠాలుగా ఉండాలి.

6. యజమాని లేని పిల్లులకు విషం పెట్టడాన్ని, బస్తాల్లో కట్టి ఊరవతల వదలడాన్ని మీ సంఘాలు బహిరంగంగా ఖండించాలి. వాటికి ఆపరేషన్లు, దత్తత, పక్షులు గూళ్లు పెట్టే చోట్ల నుంచి తిండి గిన్నెల తరలింపు విషయంలో స్థానిక సంస్థలతో కలిసి కూర్చోవాలి. ఆ సమావేశానికి మమ్మల్నీ పిలవండి.

7. ఈ లేఖకు అరవై రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. ఒప్పుకోని అంశాలుంటే కారణాలతో చెప్పండి, మేమూ బహిరంగంగానే బదులిస్తాం. ఒకటో డిమాండుకు మాత్రం కొత్త నిధులూ, కొత్త చట్టమూ అక్కర్లేదు. పిట్టలు గూళ్లు పెట్టే కాలం మొదలుకాకముందే అమల్లోకి రావాలి.

ఇట్లు,
పక్షుల గణన కార్యకర్తలు, పక్షుల చికిత్స కేంద్రాల సేవకులు, పిల్లులను పెంచుతున్నవారు